యువతలో స్పృహ తప్పడం – హృదయలయ పరిశీలన: పద్ధతులు, పరిమితులు, అన్వయం

వ్యాససంగ్రహం

యౌవనంలో ఉన్నవారు హఠాత్తుగా స్పృహ తప్పి పడిపోవడం తరచుగా కనిపించే సమస్య. దీనికి కారణం చాలా సందర్భాల్లో ప్రాణాపాయం లేని నాడీ ప్రతిచర్యే. అయితే కొద్దిమందిలో ఇది వంశపారంపర్యమైన హృదయలయ దోషానికి తొలి సంకేతం, ఒక్కోసారి ఏకైక సంకేతం. ఈ రెండింటినీ వేరుచేయడానికి వైద్యశాస్త్రం ఈసీజీ, హోల్టర్, లూప్ రికార్డర్ వంటి పరికరాలను ఉపయోగిస్తున్నది. ఈ పరికరాలు ఏ సూత్రంపై పనిచేస్తాయి, ఏ పరిస్థితికి ఏది తగినది, వాటి నివేదికలను ఎలా అర్థం చేసుకోవాలి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. లక్షణం లేని రోజున తీసిన ‘నార్మల్’ నివేదిక నిర్దోషిత్వానికి రుజువు కాదని, లక్షణం కలిగిన క్షణంలో నమోదైన లయకే నిర్ణయాత్మకమైన విలువ ఉందని నిరూపించడం దీని ముఖ్యోద్దేశం. తెలుగులో ‘మూర్ఛ’ అనే పదానికున్న ద్వంద్వార్థం రోగనిర్ణయంపై చూపగల ప్రభావాన్ని కూడా వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: స్పృహ తప్పడం, మూర్ఛ, అపస్మారం, హృదయలయ, ఈసీజీ, హోల్టర్, లూప్ రికార్డర్, దీర్ఘ క్యూటీ.

1. ఉపోద్ఘాతం

పాఠశాలలో ఉదయం ప్రార్థన జరుగుతుండగా ఎండలో నిలబడిన విద్యార్థిని కళ్ళు బైర్లు కమ్మి కూలబడిపోతుంది. ముఖం మీద నీళ్ళు చల్లుతారు. పొద్దున ఏమీ తినలేదేమోనని ఆరా తీస్తారు. ఆమె రెండు నిమిషాల్లో తేరుకుంటుంది. ఈ దృశ్యం తెలుగునాట ఉపాధ్యాయులందరికీ పరిచితమే. ‘నీరసం’ అన్న ఒక్క మాటతో విషయం అక్కడితో ముగుస్తుంది.

నూటికి ఎక్కువ సందర్భాల్లో ఆ ముగింపు తప్పు కాదు. కానీ మైదానంలో పరుగెత్తుతూ ఏ హెచ్చరికా లేకుండా బోర్లా పడిపోయిన విద్యార్థి విషయంలో కూడా అదే మాట వాడితే అది ప్రాణాంతకమైన పొరపాటు కావచ్చు. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు సంఘటనల మధ్య ఉన్న భేదం రోగి పడిపోయిన ఆ కొద్ది సెకన్లలో గుండె ఏ లయలో కొట్టుకున్నదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. వైద్యుని ఎదుటికి వచ్చేసరికి ఆ సెకన్లు గడిచిపోయి ఉంటాయి. గడిచిపోయిన ఆ క్షణాన్ని, లేదా మళ్ళీ రాబోయే అటువంటి క్షణాన్ని పట్టుకునే ప్రయత్నమే హృదయలయ పరిశీలన.

2. పదవివేచన: మూర్ఛ, అపస్మారం

రోగనిర్ణయం రోగి చెప్పే మాటతోనే మొదలవుతుంది. తెలుగులో ఆ మాట దగ్గరే ఒక చిక్కు ఉంది. ‘మూర్ఛపోవడం’ అంటే స్పృహ కోల్పోవడం. ‘మూర్ఛరోగం’ అంటే మెదడులోని విద్యుత్ అలజడి వల్ల వచ్చే ఫిట్స్. ఒకే పదం ఒకచోట లక్షణాన్ని, మరొకచోట నిర్దిష్టమైన వ్యాధిని సూచిస్తున్నది. ప్రాచీన ఆయుర్వేద గ్రంథాల్లో ఈ కలగలుపు లేదు. మాధవనిదానం మూర్ఛను, అపస్మారాన్ని వేర్వేరు అధ్యాయాల్లో వివరించింది. వాడుక తెలుగులో అపస్మారం అనే మాట మరుగునపడి, దాని స్థానాన్ని కూడా మూర్ఛ ఆక్రమించింది.

‘మా అమ్మాయికి మూర్ఛ వచ్చింది’ అని తల్లి చెప్పినప్పుడు వినేవారు దానిని ఫిట్స్‌గా గ్రహించే అవకాశం ఉంది. పైగా సాధారణంగా స్పృహ తప్పినప్పుడు కూడా కాళ్ళూ చేతులూ కొద్ది సెకన్లపాటు ఎగిరిపడవచ్చు. మెదడుకు రక్తం అందకపోవడమే దీనికి కారణం. లెంపర్ట్, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన వీడియో అధ్యయనంలో, ప్రయోగపూర్వకంగా స్పృహ తప్పించిన 42 మంది ఆరోగ్యవంతుల్లో సుమారు 90 శాతం మందికి ఇటువంటి కదలికలు కనిపించాయి. కాబట్టి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఒక్కటే అపస్మారానికి రుజువు కాదు. పడిపోయాక చాలాసేపు అయోమయంగా ఉండడం, నాలుక పక్కభాగం తెగడం వంటివి అపస్మారాన్ని సూచిస్తాయి. త్వరగా తేరుకుని చుట్టూ ఉన్నవారిని గుర్తించడం స్పృహ తప్పడానికి లక్షణం. ఈ భేదాన్ని గుర్తించకపోతే గుండెలయ దోషమున్న యువకుడు ఏళ్ళ తరబడి ఫిట్స్ మందులు వాడుతూ, అసలు వ్యాధికి చికిత్స లేకుండా మిగిలిపోయే ప్రమాదముంది. ఈ కారణంగా ఫిట్స్ అనుమానంతో వచ్చిన ప్రతి యువ రోగికీ ఒక్కసారైనా ఈసీజీ తీయడం అవసరం.

ఈ వ్యాసంలో ‘స్పృహ తప్పడం’ అనే మాటను ఒక నిర్దిష్టార్థంలో వాడడం జరిగింది. మెదడు మొత్తానికి రక్తప్రసరణ తాత్కాలికంగా తగ్గడం వల్ల హఠాత్తుగా కలిగి, కొద్దిసేపే ఉండి, తనంతట తానే పూర్తిగా తొలగిపోయే అచేతనావస్థ అని దాని అర్థం.

3. శరీరధర్మ నేపథ్యం

మెదడుకు రక్తప్రవాహం పూర్తిగా ఆగిపోతే సుమారు 6 నుంచి 8 సెకన్లలో స్పృహ పోతుంది. ప్రవాహం తగ్గడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి.

మొదటిది నాడీ ప్రతిచర్య. చాలాసేపు నిలబడడం, రక్తాన్ని చూడడం, ఇంజెక్షన్ భయం, తీవ్రమైన నొప్పి, ఉక్కపోత వంటి సందర్భాల్లో వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం మందగిస్తుంది. అదే సమయంలో రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది. పడిపోవడానికి ముందు చెమటలు పట్టడం, వికారం, చూపు మసకబారడం, చెవుల్లో హోరు వంటి సూచనలుంటాయి. యువతలో అత్యధికంగా కనిపించేది ఇదే.

రెండవది, లేచి నిలబడినప్పుడు రక్తపోటు పడిపోవడం. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై రక్తపోటు 20, లేదా కింది రక్తపోటు 10 పాదరస మిల్లీమీటర్ల మేరకు తగ్గితే దీనిని నిర్ధారిస్తారు. నిర్జలీకరణం, రక్తస్రావం, కొన్ని మందులు దీనికి కారణాలు.

మూడవది గుండెకు సంబంధించినది. సిరాకర్ణికా కణుపులో పుట్టిన విద్యుత్ ప్రేరణ కర్ణికల గుండా కర్ణికాజఠరికా కణుపును చేరి, అక్కడ కొద్దిగా ఆగి, హిస్ కట్ట ద్వారా జఠరికలకు వ్యాపిస్తుంది. ఈ మార్గం ఎక్కడైనా తెగితే గుండె మరీ నెమ్మదిస్తుంది. జఠరికల్లో అదుపులేని ప్రేరణలు పుడితే గుండె అతివేగంగా కంపిస్తుందే తప్ప రక్తాన్ని నెట్టలేదు. రెండు సందర్భాల్లోనూ మెదడుకు రక్తం అందదు. అతివేగ లయ తనంతట తాను సర్దుకుంటే అది స్పృహ తప్పడంగా ముగుస్తుంది. సర్దుకోకపోతే ఆకస్మిక మరణం సంభవిస్తుంది. రెంటికీ మూలం ఒకటే కావడమే ఈ సమస్యలోని గాంభీర్యం.

4. తొలి మదింపు: వృత్తాంతం, ఈసీజీ

ఏ పరికరానికైనా ముందు వృత్తాంత సేకరణ జరగాలి. పడిపోయిన వ్యక్తికి ఆ క్షణాలు గుర్తుండవు కాబట్టి చూసినవారి మాటకే ఎక్కువ విలువ. తోటి విద్యార్థి సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే అది అనేక పరీక్షలకు సాటి.

ఈ కింది అంశాల్లో ఏ ఒక్కటి ఉన్నా గుండెను అనుమానించాలి:

• పరుగు, ఆట, ఈత జరుగుతుండగానే పడిపోవడం. ఆట ఆపి నిలబడిన తరువాత పడిపోవడం చాలావరకు నాడీ ప్రతిచర్య కావచ్చు. ఆట మధ్యలో పడిపోవడం వేరు.
• పడుకుని ఉండగా స్పృహ తప్పడం.
• అలారం, టెలిఫోన్ మోత వంటి ఆకస్మిక శబ్దానికి పడిపోవడం.
• ఏ ముందస్తు సూచనా లేకుండా పడి గాయపడడం, లేదా పడడానికి ముందు గుండెదడ కలగడం.
• కుటుంబంలో చిన్న వయసులో కారణం తెలియని మరణాలు. బాగా ఈత వచ్చినవారు అకారణంగా నీట మునిగిన సంఘటన ఉన్నా అది అడిగి తెలుసుకోవలసిన విషయమే.

తరువాతి మెట్టు పన్నెండు లీడ్ల ఈసీజీ. ఆగస్టస్ వాలర్ 1887లో లండన్‌లో మనిషి గుండె విద్యుత్తును తొలిసారి శరీరంపై నుంచి నమోదు చేశాడు. లైడెన్ నగరంలో విల్లెం ఐంథోవెన్ తీగ గాల్వనోమీటరుతో దానిని వైద్యోపకరణంగా తీర్చిదిద్ది, 1924లో నోబెల్ పురస్కారం పొందాడు. నేటి ఈసీజీ పది సెకన్ల చిత్రం మాత్రమే. అయినా లయ దోషానికి ఆధారమైన స్థిర లక్షణాలను అది బయటపెట్టగలదు. పీఆర్ విరామం 120 మిల్లీసెకన్ల కన్నా తగ్గి, క్యూఆర్ఎస్ ఆరంభం వాలుగా డెల్టా తరంగంతో కనిపిస్తే వుల్ఫ్–పార్కిన్సన్–వైట్ లక్షణసముదాయం. వీ1, వీ2 లీడ్లలో ఎస్‌టీ భాగం వంపు తిరిగి పైకి లేస్తే 1992లో వర్ణితమైన బ్రుగాడా లక్షణసముదాయం.

వీటిలో జాగ్రత్తగా కొలవవలసినది క్యూటీ విరామం. ఇది జఠరికలు ప్రేరితమై తిరిగి యథాస్థితికి రావడానికి పట్టే కాలం. గుండె వేగం పెరిగితే ఇది సహజంగానే తగ్గుతుంది కాబట్టి వేగానికి అనుగుణంగా సవరించాలి. బాజెట్ 1920లో సూచించిన సూత్రం ప్రకారం క్యూటీని, రెండు స్పందనల మధ్య కాలపు వర్గమూలంతో భాగించాలి. క్యూటీ 400 మిల్లీసెకన్లు, గుండె వేగం నిమిషానికి 60 అయితే స్పందనల మధ్య కాలం ఒక సెకను. సవరించిన విలువ 400. ఇది సాధారణం. అదే క్యూటీ నిమిషానికి 94 వేగంతో కనిపిస్తే స్పందనల మధ్య కాలం 0.64 సెకను, దాని వర్గమూలం 0.8, సవరించిన విలువ 500. ఇది ప్రమాదకర స్థాయి. యంత్రం ముద్రించిన అంకెను నమ్మి వదిలివేయక చేతితో కొలవడం అవసరమని ఈ ఉదాహరణ తెలుపుతుంది. అయితే వేగం ఎక్కువగా ఉన్నప్పుడు బాజెట్ సూత్రం విలువను కొంత పెంచి చూపుతుంది. కాబట్టి ఆందోళనతో ఉన్న యువ రోగికి విశ్రాంతినిచ్చి మళ్ళీ ఈసీజీ తీయాలి. పదేపదే 480 మిల్లీసెకన్లు లేదా అంతకు మించి నమోదైతే దీర్ఘ క్యూటీ లక్షణసముదాయంగా పరిగణిస్తారు. అజిత్రోమైసిన్, డోంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ వంటి వాడుక మందులు కూడా క్యూటీని పెంచగలవు. కనుక మందుల చీటీ పరిశీలన ఇందులో భాగం.

దీర్ఘ క్యూటీలో ఒక రకానికి తెలుగు సమాజంతో ప్రత్యేక సంబంధముంది. పుట్టుచెవుడుతో కూడిన ఈ రకాన్ని 1957లో నార్వేకు చెందిన జెర్వెల్, లాంగే–నీల్సన్ వర్ణించారు. ఇది అంతర్గత జన్యులక్షణంగా సంక్రమిస్తుంది, అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందాలి. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. కనుక దగ్గరి సంబంధాల్లో పుట్టి, పుట్టుచెవుడు ఉన్న పిల్లలు స్పృహ తప్పితే ఈసీజీ తప్పనిసరి.

5. దీర్ఘకాల పరిశీలన: పరికరాల పరిణామం

పది సెకన్ల ఈసీజీకి చిక్కని లయను పట్టడానికి అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన భౌతికశాస్త్రజ్ఞుడు నార్మన్ జెఫరిస్ హోల్టర్ కృషి చేశాడు. 1940ల చివర ఆయన రూపొందించిన తొలి పరికరం వీపున మోయవలసిన సుమారు 38 కిలోల రేడియో ప్రసారిణి. 1961లో ‘సైన్స్’ పత్రికలో ఆయన ఈ పద్ధతిని వివరించే నాటికి అది చిన్న టేపు రికార్డరుగా మారింది. ఆయన పేరే పరికరానికి స్థిరపడింది.

హోల్టర్: ఛాతీపై అంటించిన ఎలక్ట్రోడ్లు, నడుముకు కట్టిన చిన్న పెట్టె దీని భాగాలు. 24 నుంచి 48 గంటలపాటు ప్రతి స్పందననూ నమోదు చేస్తుంది. నిమిషానికి 70 చొప్పున లెక్కిస్తే ఒక్క రోజులో లక్షకు పైగా స్పందనలు. దీనితోపాటు రోగి దినచర్యను గంటల వారీగా రాసుకోవాలి. ఏ సమయంలో మెట్లెక్కారో, ఎప్పుడు తల తిరిగిందో తెలియకపోతే నమోదైన లయకు అర్థం చెప్పడం కష్టం. పరికరం కట్టిన రోజున బిడ్డను కాలేజీ మాన్పించి మంచం మీద పడుకోబెట్టడం మన ఇళ్ళల్లో సహజం. దాని ఫలితంగా పరీక్ష విశ్రాంతిలోని గుండెను మాత్రమే చూస్తుంది. ఆ రోజు కూడా నడక, మెట్లు, తరగతులు ఎప్పటిలాగే సాగాలి. పరికరం తడవకుండా చూసుకుంటే చాలు. ఆటల్లో స్పృహ తప్పిన చరిత్ర ఉన్నవారు మాత్రం వైద్యుని అనుమతి లేకుండా శ్రమతో కూడిన ఆటలకు దిగరాదు.

అంటింపు పరికరం: తీగలు లేకుండా ఛాతీపై అతికించే పట్టీ. 7 నుంచి 14 రోజుల వరకు ఉంచవచ్చు.

బాహ్య లూప్ రికార్డర్: ఇది నిరంతరం నమోదు చేస్తూ పాత భాగాన్ని చెరిపివేస్తూ ఉంటుంది. మీట నొక్కగానే అంతకుముందు కొద్ది నిమిషాల భాగం భద్రమవుతుంది. స్పృహ వచ్చిన తరువాత నొక్కినా పడిపోయిన క్షణం దక్కడం దీని విశేషం. హాస్టల్లో ఉండే విద్యార్థి విషయంలో ఆ మీట సంగతి గదిలోని స్నేహితులకు కూడా తెలిసి ఉండాలి. దీనిని వారాల తరబడి వాడవచ్చు.

శరీరాంతర్గత లూప్ రికార్డర్: ఛాతీ చర్మం కింద చిన్న కోతతో అమర్చే పరికరం. మూడేళ్ళు, అంతకు మించి పనిచేస్తుంది. నిర్దేశించిన హద్దులు దాటిన లయలను తనంతట తానే భద్రపరుస్తుంది.

ఇటీవలి చేతిగడియారాలు కూడా ఒక లీడ్ ఈసీజీని చూపుతున్నాయి. అయితే వాటిలో సాధారణంగా రెండవ చేతి వేలిని సుమారు 30 సెకన్లపాటు ఆనించి ఉంచాలి. స్పృహ తప్పుతున్న మనిషికి అది సాధ్యం కాదు. గుండెదడను నమోదు చేయడంలో అవి ఉపకరిస్తాయి తప్ప స్పృహ తప్పిన క్షణానికి సాక్ష్యం కాలేవు.

6. పరికరం ఎంపిక: సంభావ్యతా దృష్టి

ఎంత తరచుగా స్పృహ తప్పుతున్నదన్న దానిని బట్టి పరికరాన్ని ఎంచుకోవాలి. ఏడాదికి సగటున నాలుగు సార్లు, ఏ క్రమమూ లేకుండా యాదృచ్ఛికంగా పడిపోయే వ్యక్తిని ఊహించి లెక్కిస్తే, పరిశీలన కాలంలో కనీసం ఒక్క సంఘటనైనా జరిగే అవకాశం ఇలా ఉంటుంది:

• 24 గంటల హోల్టర్: సుమారు 1 శాతం.
• 14 రోజుల అంటింపు పరికరం: సుమారు 14 శాతం.
• 30 రోజుల బాహ్య లూప్ రికార్డర్: సుమారు 28 శాతం.
• ఏడాదిపాటు శరీరాంతర్గత రికార్డర్: సుమారు 98 శాతం.

ఇది కేవలం గణిత నమూనా. అయినా ఒక సత్యాన్ని స్పష్టపరుస్తుంది. మూడు నెలలకొకసారి పడిపోయే విద్యార్థికి ఒక్కరోజు హోల్టర్ కట్టి కారణం దొరకలేదనడం, ఒక్కరోజు ఆకాశం చూసి వానలు లేవని తేల్చడం వంటిది. ఐరోపా హృద్రోగ వైద్యసంఘం 2018లో ప్రకటించిన మార్గదర్శకాలు కూడా ఈ తర్కాన్నే అనుసరించాయి. వారానికి ఒకసారైనా లక్షణం కలిగేవారికి హోల్టర్, నాలుగు వారాల్లోపు తిరగబెట్టేవారికి బాహ్య లూప్ రికార్డర్, అరుదుగా పునరావృతమై కారణం తెలియనివారికి శరీరాంతర్గత రికార్డర్ తగినవని వాటి సారాంశం. అయితే తొలి మదింపులోనే ప్రమాద సూచనలు కనిపించిన వ్యక్తిని ఇంటికి పంపి తదుపరి సంఘటన కోసం వేచి ఉండరాదు. అటువంటివారిని ఆసుపత్రిలో ఉంచి పరిశీలించాలి.

7. నివేదిక పఠనం

లక్షణం, లయ అనే రెండింటినీ కలిపి చూస్తే నాలుగు అవకాశాలు ఏర్పడతాయి.

(అ) లక్షణం ఉంది, లయ దోషం ఉంది: కారణం తేలినట్లే.
(ఆ) లక్షణం ఉంది, లయ సక్రమం: ఆ సంఘటనకు లయ దోషం కారణం కాదని తేలుతుంది. ఇది కూడా విలువైన ఫలితమే.
(ఇ) లక్షణం లేదు, లయ దోషం ఉంది: ఆ దోషపు స్వభావాన్ని బట్టి నిర్ణయించాలి. అతివేగ జఠరికా లయ వంటివి తీవ్రమైనవి.
(ఈ) లక్షణం లేదు, లయ సక్రమం: ఏమీ తేలలేదు.

ఆచరణలో ఎక్కువగా ఎదురయ్యేది నాలుగవది. దానినే కుటుంబాలు రెండవదిగా భావించి ఊరట చెందుతుంటాయి. ‘తేలలేదు’ అనడానికీ ‘లేదు’ అనడానికీ మధ్య గల ఈ దూరమే ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది.

దీనికి విరుద్ధమైన పొరపాటూ ఉంది. యువతలో శ్వాసతోపాటు గుండె వేగం హెచ్చుతగ్గులు కావడం, నిద్రలో వేగం బాగా తగ్గడం, క్రీడాకారుల్లో రాత్రివేళ ఒక్కొక్క స్పందన జారిపోవడం, అక్కడక్కడ ఒక ముందస్తు స్పందన రావడం సహజమే. నివేదికలో ఈ మాటలు చూసి ఆరోగ్యవంతుని రోగిగా మార్చడం కూడా హానికరమే.

ఊహాత్మకంగా ఇద్దరు ఇంటర్మీడియట్ విద్యార్థులను తీసుకుంటే ఈ అంశం స్పష్టమవుతుంది. ఒకరు ప్రార్థనలో చెమటలు పట్టి కూలబడ్డారు. మరొకరు పరుగుపందెం మధ్యలో హఠాత్తుగా పడిపోయారు. ఇద్దరి ఈసీజీ, హోల్టర్ నివేదికలూ ‘నార్మల్’. మొదటి విద్యార్థికి వృత్తాంతమే రోగనిర్ణయం. నివేదిక దానికి బలం మాత్రమే చేకూరుస్తుంది. రెండవ విద్యార్థి విషయంలో అదే నివేదిక ఏ భరోసా ఇవ్వదు. కేటెకాలమైన్ ప్రేరిత బహురూప జఠరికా అతివేగలయ అనే జన్యువ్యాధిలో విశ్రాంతి ఈసీజీ సాధారణంగానే ఉంటుంది. శ్రమ, ఉద్వేగం కలిగినప్పుడే దోషం బయటపడుతుంది. కనుక ఆ విద్యార్థికి గుండె కండరం మందాన్ని, హృద్ధమనుల పుట్టుకను పరిశీలించే ఎకో పరీక్ష, వైద్యుల సమక్షంలో వ్యాయామ పరీక్ష జరగాలి. అవి పూర్తయ్యేవరకు ఆటలు ఆపివేయాలి. రెండు ఒకేలాంటి కాగితాలు రెండు వేర్వేరు అర్థాలను ఇవ్వడానికి కారణం వాటి వెనుక ఉన్న వృత్తాంతాలే.

8. నిర్ధారణానంతర కర్తవ్యం

కారణం తేలితే చికిత్స ఉంది. దీర్ఘ క్యూటీకి బీటా నిరోధక మందులు, ప్రమాదం ఎక్కువైనవారికి ఛాతీలో అమర్చే డీఫిబ్రిలేటర్ ఉన్నాయి. వుల్ఫ్–పార్కిన్సన్–వైట్ స్థితిలో అదనపు విద్యుత్ మార్గాన్ని కేథటర్ ద్వారా దహించి శాశ్వతంగా నయం చేయవచ్చు. వ్యాధి వంశపారంపర్యమైతే తోబుట్టువులనూ తల్లిదండ్రులనూ పరీక్షించాలి. ఒక్కరి పరిశీలన అనేకులను కాపాడే సందర్భమిది. నాడీ ప్రతిచర్య అని తేలినవారికి తగినన్ని నీళ్ళు తాగడం, సూచనలు కలగగానే పడుకోవడం, కాళ్ళు పెనవేసి కండరాలను బిగించడం వంటి శిక్షణే ప్రధాన చికిత్స.

విద్యాసంస్థల్లో ఎవరైనా పడిపోతే లేపి కూర్చోబెట్టక వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచాలి. నోట్లో నీళ్ళు పోయరాదు. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. పిలుపుకు స్పందించక, శ్వాస సక్రమంగా లేకపోతే అది స్పృహ తప్పడం కాదు, గుండె ఆగిపోవడం. వెంటనే 108కి తెలియజేస్తూ ఛాతీ మర్దన ప్రారంభించాలి. ఎంతసేపు పడి ఉన్నారు, ఏం చేస్తుండగా పడ్డారు, ముఖం రంగు ఎలా ఉంది అన్న మూడు వివరాలను రాసి కుటుంబానికి అందిస్తే వైద్యునికి అది విలువైన ఆధారం.

9. ముగింపు

హృదయలయ పరిశీలన యువతలో స్పృహ తప్పడానికి కారణాన్ని నిర్ధారించే శక్తిమంతమైన సాధనం. అయితే దాని శక్తి పరికరంలో కన్నా దానిని ఎవరికి, ఎప్పుడు, ఎంతకాలం వాడామన్న వివేకంలో ఎక్కువగా ఉంది. ఈ చర్చ ఆధారంగా తేలిన అంశాలివి:

1. మూర్ఛ అనే పదం కలిగించే సందిగ్ధాన్ని తొలగించుకుని, చూసినవారి వర్ణన ఆధారంగానే రోగనిర్ణయం మొదలుపెట్టాలి.
2. స్పృహ తప్పిన ప్రతి యువ వ్యక్తికీ ఈసీజీ, అందులో చేతితో కొలిచిన క్యూటీ విరామం అవసరం.
3. పరిశీలన కాలవ్యవధి లక్షణాల పునరావృత్తికి అనుగుణంగా ఉండాలి.
4. లక్షణం లేని సమయపు సాధారణ నివేదికను తుదితీర్పుగా స్వీకరించరాదు.
5. శ్రమ మధ్యలో పడిపోయినవారికి ఏ నివేదికతోనూ నిమిత్తం లేకుండా సమగ్ర పరీక్ష జరగాలి.

ప్రార్థనలో కూలబడిన విద్యార్థినికి అనవసర భయాన్ని, పరుగులో పడిపోయిన విద్యార్థికి అనవసర మరణాన్ని నివారించగలిగినప్పుడే ఈ పరిజ్ఞానానికి సార్థకత.